గాలి తగ్గేలోపు

గాలి మీటరు కుయ్యిమని మొత్తుకుంది, ఎర్ర లైటు వెలిగింది, ఇక పని ఆగిపోయినట్టే. కొక్కేన్ని పూర్తిగా పైకి లాగేసి తిరుగుడు బ్రేకు వదిలేశాను. గాలి గట్టిగా ఉన్నప్పుడు క్రేను చేతిని బిగబట్టి ఉంచకూడదు, ఎటు తోస్తే అటు తిరగనివ్వాలి, అప్పుడే అది క్షేమంగా ఉంటుంది. అందుకని ఇప్పుడు ఆ పొడవాటి చెయ్యి తన ఇష్టమొచ్చినట్టు తిరుగుతోంది, దానితోపాటు ఈ అద్దాల క్యాబిన్, క్యాబిన్‌లో నేను, నా పక్కన నీళ్ళ సీసా, అన్నం డబ్బా. ఇక నా మనసంటారా, దానికి గాలి అక్కర్లేదు, పొద్దుటినుంచీ దానంతటదే గిరగిరా తిరుగుతోంది. తిరగదూ మరి! మా ఆయనా నేనూ పిల్లలిద్దరూ కలిసి ఊరు దాటి వెళ్ళామంటే అది మా ఆడపడుచు ఇంటికే, అక్కడ నేలమీద పక్కలు, బాత్రూం ముందు వరస. అలాంటిది ఈ బిల్డింగు కట్టిస్తున్న యజమాని, ఏడాదంతా సైటులో ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదన్న సంబరంలో, ఆ క్రేను అమ్మాయిని ఇంటిల్లిపాదితో నా హోటళ్ళలో ఏదో ఒకదానికి వెళ్ళి రమ్మనండి, మహారాణిలా చూసుకోండి అన్నాడట. ఏదో ఒకటి అన్నాడు చూశారూ, అక్కడొచ్చింది చిక్కు. ఆయనకున్నవి మూడు. కొండ అంచున గాజు ఇళ్ళు, సముద్రం లోపల పడకగదులు, పడకలూ స్నానాల తొట్లూ ఉన్న ఒక రైలు. ఏది కావాలో నేను చెప్పాలి. గాలి తగ్గేలోపు చెప్పాలి.

గాలికీ దానికీ ఏం సంబంధమంటే, ఈ కబురు అందుకోవాల్సిన ఆఫీసు మేడమ్ నాకు కాస్త కిందుగా, పై శ్లాబు మీద ఇరుక్కుపోయింది. పాపం, స్వయంగా అడుగుదామని సరకుల లిఫ్టెక్కి వచ్చింది, వచ్చీ రాగానే గాలి లేచింది, గాలి లేస్తే లిఫ్టు కూడా నడవదు. ఇప్పుడావిడ మెట్లగది గోడకి బల్లిలా అతుక్కుని నిలబడింది, హెల్మెట్ ముక్కు మీదికి జారినా సర్దుకోవడానికి గోడ వదలడం లేదు. గాలి తగ్గగానే లిఫ్టు కదులుతుంది, ఆవిడ ఒక్క క్షణం ఆగదు, దిగి పోతుంది, మధ్యాహ్నంలోపు యజమానికి చెప్పెయ్యాలట, ఆయన ఊరు వెళ్ళిపోతున్నాడట. క్యాబిన్‌లోకి ఫోన్ తేనివ్వరు. ఉన్నదల్లా వాకీటాకీ. అందులోంచి సిగ్నల్ బాబాయ్ గొంతు గరగరలాడింది. శ్లాబు మీద నిలబడి నాకు బరువులు చూపించేది ఆయనే, ఎత్తమంటే ఎత్తుతాను, ఆపమంటే ఆపుతాను, మా నాన్న మాట కూడా నేనంత విన్నది లేదు.

“ఏం తేల్చావమ్మాయ్?”

“తేల్చేశాను బాబాయ్. కొండే.”

“మరి చెప్పెయ్యి.”

“చెప్తాలే. గాలి ఉందిగా ఇంకా.”

“గాలికీ నీ నోటికీ ఏమిటే సంబంధం! ఉండు, ఈ వాకీ మేడమ్ చేతికిస్తాను, ఆవిడకే చెప్పు. చేతిలో ఏదో ఒకటి ఉంటే పాపం కాస్త ధైర్యంగా ఉంటుంది.”

ఇచ్చేశాడు. మేడమ్ వీపు గోడకి ఆనించి దాన్ని రెండు చేతులా పట్టుకుని గుండెలకి హత్తుకుంది. నేను బటన్ మీద వేలు పెట్టాను. కొండ, గాజు ఇల్లు, అనాలి, అంతే, రెండు ముక్కలు. అనబోయి వేలు తీసేశాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. ముందు ఒకసారి మనసారా ఊహించుకుందాం, చెప్పేశాక ఊహించుకోవడంలో ఏం మజా ఉంటుంది, అనుకున్నాను.

క్రేను చెయ్యి ఇప్పుడు కొండలవైపు ఉంది. నీలంగా, ఒకదాని వెనక ఒకటి. ఆ చిట్టచివరిదాని అంచు మీదే ఉన్నాయట ఆ గాజు ఇళ్ళు, గోడలు గాజు, కప్పు గాజు, నేల కూడా సగం గాజేనట, మంచం మీద పడుకుని పక్కకి దొర్లితే కింద మేఘాలు కనిపిస్తాయట. స్నానాల తొట్టిలో కూర్చుని నురగ ఊదితే మేఘమేదో నురగేదో తెలియదని హోటల్ వాళ్ళిచ్చిన బొమ్మల పుస్తకంలో రాశారు, రాసినవాడి నోట్లో పంచదార పొయ్యాలి. తీగల మీద వేలాడే పెట్టెలో కూర్చోబెట్టి ఒక్క విసురున పైకి తీసుకుపోతారట. గుండె ఝల్లుమంటుందట. మంచిదే, ఝల్లుమననీ! నాకు పైన ఉండటమంటే ప్రాణం. నేల మీద నేను ఉత్త మామూలు మనిషిని, కాలికి రాయి తగిలినా నోరు జారేదాన్ని, బస్సులో చోటు కోసం పోట్లాడేదాన్ని, కానీ ఇక్కడికొచ్చి ఈ కుర్చీలో కూర్చుంటే చాలు, నా అంత నెమ్మదస్తురాలు ఇంకొకతె ఉండదు. పొద్దున్నే పొగమంచు ఊరంతా కప్పేసి ఉంటుంది, పైన నేనొక్కదాన్నే ఎండలో ఉంటాను, పెద్ద పెద్ద భవనాల నెత్తులు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి పైకి తేలి ఉంటాయి, కాసేపటికి ఎక్కడో ఒకచోట పొర చినిగి కింద ఒక వీధి, వీధిలో ఒక సైకిలు. అది చూసినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. మా పిట్ట నా పక్కనుండి దీన్ని చూడాలి. ఒక్కసారి. ఒకే ఒక్కసారి.

పిట్ట నా పెద్దది. ఆరేళ్ళు. పిట్ట అని పేరు పెట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి, ఎందుకంటే దానికి ఎత్తంటే చచ్చేంత భయం. బళ్ళో జారుడుబల్ల ఎక్కదు, ఉయ్యాల దగ్గర వేరేవాళ్ళకి ఊపుతుంది గానీ తను కూర్చోదు, మా మూడో అంతస్తు వరండాలో నడిచినా గోడవైపే నడుస్తుంది, భుజం గోడకి రాసుకుని రాసుకుని గౌన్లన్నీ ఒకే వైపు వెలిసిపోయాయి. అదిగో అమ్మ క్రేను అని చూపిస్తే తన చెప్పులు చూసుకుంటుంది. క్రేను నడిపే తల్లికి ఇలాంటి పిల్ల! నవ్వుతారు అందరూ, నేనూ నవ్వుతాను, కానీ లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. నా బతుకులో సగం ఈ పైన ఉంది, ఆ సగంలోకి నా కూతురు రాలేదు. వాళ్ళ నాన్న లోకం దానికి కంఠతా వచ్చు, దారపు ఉండలు, సుద్ద ముక్కలు, కాజాలు, గుండీలు. నా లోకం మాత్రం దానికి నేను చెప్పే కథ, అంతే. అందుకే ఈ ప్రయాణం నాకు ఉట్టి షికారు కాదు. మేఘాల మీద, మెత్తటి మంచం మీద, నా పక్కన అది. అంతకంటే విలాసం ఈ భూమ్మీద ఏముంది చెప్పండి!

అదీగాక అది ఒప్పుకుంది! ఆ మాట తలుచుకుంటేనే కుర్చీలో కాలు నిలవడం లేదు. మొన్న ఆదివారం సాయంత్రం మా ఆయన బట్టలు కత్తిరించే బల్ల మీద మూడు పుస్తకాలూ పరిచాం, నున్నగా మెరిసిపోయే రంగురంగుల పుస్తకాలు. మా ఆయన దర్జీ, ఇంట్లోనే కుడతాడు, పని చేసుకునేటప్పుడు నోటినిండా గుండుసూదులు, మాట్లాడలేడు. అందుకని మా ఇంట్లో మాటలు తక్కువ, క్రేను సిగ్నళ్ళు ఎక్కువ. నేనే నేర్పాను. చూపుడువేలు పైకెత్తి సున్నాలు చుడితే పైకి, అంటే అన్నం ఇంకాస్త వడ్డించు. వేలు కిందికి చూపిస్తే చాలు, గిన్నె దించు. చెయ్యి చాచి అడ్డంగా ఊపితే ఆపు, అంటే గోల ఆపు. చిన్నవాడు బుడంకాయ, మూడేళ్ళు దాటాయి, వాడు అన్నీ కలిపి ఒకేసారి చేసేస్తాడు, పైకీ కిందికీ ఆపూ అన్నీ, పిట్ట మాత్రం అస్సలు ఊరుకోదు, తప్పు సిగ్నల్ ఇస్తే బరువు పడిపోతుంది తెలుసా అని వాడి వేళ్ళు పట్టుకుని సరిచేస్తుంది. ఆ ఆదివారం గాజు ఇంటి బొమ్మ దాని ముందు పెట్టి, ఏమ్మా, వెళ్దామా, అమ్మతో మేఘాల మీదికి, అన్నాను. చాలాసేపు చూసింది. బుడంకాయ నా మెడకి వేలాడుతూ నా చెవి లాగుతున్నాడు, మిషను దీపం దాని మొహమ్మీద పడుతోంది, అది ఎడమ చెయ్యి దీపానికి అడ్డం పెట్టుకుని కుడి చెయ్యి ఎత్తింది, చూపుడువేలు పైకి, చిన్న చిన్న సున్నాలు. పైకి! పైకి అంది! నేను ఎగిరి గంతేశాను, బల్ల మీదుగా వంగి దాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. మా ఆయన ఊఁ ఊఁ అని ఏదో మూలిగాడు, నువ్వాగు బాబూ, నా పిట్ట ఒప్పుకుంది అన్నాను. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చేసరికి నా ఊరేగింపు రెండో చుట్టులో ఉంది. సరే, నీ ఇష్టం, కానీ దాన్ని ఇంకోసారి అడుగు, అన్నాడు. ఎందుకడగాలి ఇంకోసారి? మా సైటులో పైకి అంటే పైకే.

క్రేను చెయ్యి కదిలింది. కొండలు పక్కకి తప్పుకున్నాయి, ఊరు మొత్తం జరిగి జరిగి సముద్రం వచ్చింది, గాలికి తెల్లగా నురగలు కక్కుతోంది. ఇదిగో, సముద్రం లోపల పడకగది! మెట్లు దిగి వెళ్ళాలట, నీళ్ళ కిందికి, గుండ్రంగా గాజు గది, మంచం చుట్టూ చేపలు. మా ఆయనకి ఇదే ఇష్టం, చెప్పడు గానీ పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంటుంది ఎప్పుడు చూసినా. చేపలు చూస్తూ పడుకోవడం ఎంత హాయి అంటాడు. ఆయనకి హాయిగా పడుకోవడానికి చేపలెందుకు, బస్సులో నిలబడి కూడా నిద్రపోతాడు, మా పెళ్ళి ఫొటోల్లో సగం వాటిలో కళ్ళు మూసుకునే ఉన్నాడు. నాకు మాత్రం నీళ్ళ కింద అనగానే ఊపిరాడదు. నెత్తిమీద ఆకాశం లేకపోతే నేను మనిషిని కాను. మెట్రో రైల్లో సొరంగంలోకి వెళ్ళినా చెమటలు పడతాయి నాకు. ఆ మాట పైకి చెప్పను, క్రేను నడిపే ఆడమనిషి భయపడుతుందంటే సైటంతా చంకలు గుద్దుకుంటారు. ఇక బుడంకాయ సంగతి, వాడు ఆ పుస్తకం మీద కూర్చుని, అక్కడ బటన్ ఉంటుందా, అన్నాడు. వాడికి లోకంలో కావలసింది ఒక్కటే, నొక్కడానికి బటన్. లిఫ్టు బటన్, కాలింగ్ బెల్లు, వాళ్ళ నాన్న చొక్కా గుండీలు, నా బొడ్డు, ఏదైనా సరే. చేపలుంటాయి నాన్నా అంటే, చేపలకి బటన్ ఉంటుందా, అన్నాడు. వాడితో వేగడం మన వల్ల కాదు.

అబ్బ, మూడింటిలో ఏదైనా సరే, ఎన్ని ఉంటాయో అసలు అక్కడ! తెల్లటి దుప్పట్లు, ఒక్క ముడత లేకుండా, ఎవరో పరిచినవి, నేను పరిచినవి కాదు. దిండ్లు ఎన్ని కావాలో అడుగుతారట, మెత్తనివా గట్టివా అని కూడా అడుగుతారట, మా ఇంట్లో ఉన్న దిండు కోసం పిల్లలిద్దరూ జుట్లు పట్టుకుంటారు. పొద్దున్నే ఎవరో తలుపు తట్టి పళ్ళు కోసి పెట్టిన పళ్ళెం తెస్తారు, గింజలు తీసేసి మరీ. పిల్లలకి వాళ్ళ కొలతకే కుట్టిన చిన్న చిన్న తువాలు కోట్లు ఉంటాయట, ఆ బొమ్మ చూసి మా ఆయన కుట్టు సరిగా లేదని సణిగాడు. బుడంకాయ ఆ కోటు వేసుకుని, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, పెద్ద వ్యాపారస్తుడిలా నడిచొస్తుంటే, అయ్యో, నేను చూడాలి! నవ్వొచ్చేసింది, ఒక్కదాన్నే క్యాబిన్‌లో పకపకా నవ్వాను. వాకీలో మేడమ్ గొంతు, సన్నగా.

“ఏమండీ, ఏమైనా అన్నారా?”

“లేదు మేడమ్, నవ్వుకుంటున్నాను.”

“మీరు అక్కడ ఎలా నవ్వగలుగుతున్నారండీ?”

ఆవిడ ఇంకా గోడ వదల్లేదు గానీ మొహం ఇటు తిప్పింది. కళ్ళు తెరిచింది కూడా. ఇందాకటి దాకా మూసుకునే ఉంది కాబోలు.

చెప్పేద్దాం అనుకున్నాను మళ్ళీ. బటన్ మీద వేలు, నోట్లో మాట, మళ్ళీ అదే, ఏదో అడ్డం పడుతోంది. ఇంటికి తాళం వేశానా లేదా అని బస్సెక్కాక అనుమానం వస్తుందే, అలాంటిదేదో. ఏ బ్రేకూ మరిచిపోలేదు, కొక్కెం పైనే ఉంది, బరువేదీ వేలాడటం లేదు, అన్నీ చూసుకున్నాను, అయినా ఏదో ఒకటి చూడకుండా వదిలేశానని లోపల పీకుతోంది. ఇంకోసారి అడుగు అన్నాడు ఆయన. ఎప్పుడూ ఒక్క ముక్క మాట్లాడనివాడు సూదులన్నీ తీసి మరీ అన్నాడు. ఛ, ఊరుకో, సంతోషం వచ్చినప్పుడు కూడా సంతోషపడటం రాదా నీకు, అని నన్ను నేనే కసురుకున్నాను.

క్రేను చెయ్యి ఇంకా తిరిగి రైల్వే యార్డు మీదికి వచ్చింది. పట్టాలు జడ పాయల్లా కలుస్తూ విడిపోతూ. వాటిలో ఒక పాయ విడిగా పోయి కొండల్లోకి దారి తీస్తుంది, ఆ రైలే మూడోది. దాన్ని నేను పుస్తకం తెరవగానే పక్కన పడేశాను. బొమ్మలో ఒక ముసలాయన, ఒక ముసలావిడ, ఇద్దరి ఒళ్ళోనూ శాలువాలు, కిటికీ పక్కన టీ తాగుతున్నారు. సాయంత్రం ఎక్కితే పొద్దుటికి కొండ మీదికి చేరుస్తుందట! నడిచి వెళ్ళినా అంతకంటే ముందే చేరతాం. చుట్టలు చుట్టలుగా తిరుగుతుంది, ప్రతి మలుపులో ఆగుతుంది, ఆయాసపడుతుంది, మళ్ళీ కదులుతుంది. ముసలాళ్ళ బండి అన్నాను బాబాయ్‌తో, ఆయన నవ్వి, మరి నేనెక్కుతాలే అన్నాడు. ఎవరిక్కావాలి అంత నిదానం, ఒక్క విసురున పైకి వెళ్ళే దారి ఉండగా!

అయినా పిట్ట ఎలా ఒప్పుకుంది? అదే నాకు ఆశ్చర్యం. భయం లేదని కాదు, ఉంది, కానీ దానికి పైన ఏముందో తెలుసుకోవాలని మహా కుతూహలం. రోజూ సాయంత్రం నేను ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చోగానే వస్తుంది, నా కాలి బొటనవేలు గుప్పిట్లో పట్టుకుంటుంది, ఇవాళ పైన ఏం కనిపించింది, అంటుంది. నేను చెప్తాను. గద్ద ఒకటి నా పక్కనుంచే వెళ్ళింది, నన్ను చూసి తల తిప్పింది, అంటాను. ఎంత పెద్దది అంటుంది. ఓడ ఒకటి వచ్చింది అంటాను. ఇంకా అంటుంది. వర్షం ఊరికి ఆ చివర కురుస్తుంటే ఈ చివర ఎండ కాసింది, రెండూ ఒకేసారి చూశాను, అంటాను. వేలు గట్టిగా నొక్కుతుంది, ఇంకా, అంటుంది. ఉత్త భయమే అయితే ఇలా అడుగుతుందా? నేను మొదటిసారి ఈ నిచ్చెన ఎక్కిన రోజు నాకు మాత్రం భయం లేదా ఏమిటి! సగం దూరంలో ఇనప చట్రాన్ని కౌగిలించుకుని ఆగిపోయాను. కింద నుంచి బాబాయ్ అరిచాడు, తొందరేం లేదే, అక్కడే ఉండు, బుద్ధి పుట్టినప్పుడు ఇంకో మెట్టెక్కు, ఇవాళ ఎక్కకపోయినా మునిగిపోయేదేం లేదు, అని. అలా ఆగుతూ ఎక్కుతూ, ఎక్కుతూ ఆగుతూ, ఏ మెట్టు దగ్గర భయం పోయిందో నాకే తెలీదు, పైకొచ్చి చూసుకుంటే లేదు.

ఆ సంగతి ఎందుకు గుర్తొచ్చిందో. గాలి మోత తగ్గినట్టుంది. మీటరు చూశాను, ముల్లు దిగుతోంది. ఎర్ర లైటు ఇంకోసారి మినుకుమని ఆరిపోయింది. అయ్యో, అప్పుడేనా! కింద శ్లాబు మీద అందరూ కదిలారు. ఎవరో లిఫ్టు గంట మోగించారు. మేడమ్ మాత్రం, చోద్యం చూడండి, లిఫ్టు వైపు వెళ్ళలేదు. గోడని ఒక చేత్తో రాసుకుంటూ ఒక అడుగు వేసింది, ఆగింది, ఇంకో అడుగు వేసింది, కట్టుదిట్టంగా బిగించిన రెయిలింగు ఇంకా ఎంతో దూరం ఉండగానే మెడ సాచి ఊరివైపు చూసింది. ఎవరూ రమ్మనలేదు ఆవిడని. వాకీ నోటి దగ్గర పెట్టుకుంది.

“ఇంత బాగుంటుందని నాకు తెలీదండీ! అదేనా సముద్రం? సరే, లిఫ్టు వచ్చేసింది, ఇంక చెప్పండి. గాజు ఇల్లేగా? బాబాయిగారు ముందే చెప్పారు.”

“అవునండీ, గాజు...” అన్నాను, అని ఆగాను, ఎందుకంటే పని మొదలైపోయింది. శ్లాబు మీద ఇనప రాడ్ల కట్ట ఒకటి సిద్ధంగా ఉంది, కొక్కెం దించాను, కుర్రాళ్ళు గొలుసు తగిలించి పక్కకి తప్పుకున్నారు. వాకీ మేడమ్ దగ్గరుంది కనక బాబాయ్ చేతులతో చెప్పాలి. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు, నా కళ్ళలోకి చూశాడు, కుడి చెయ్యి ఎత్తాడు, చూపుడువేలు పైకి, చిన్న చిన్న సున్నాలు. పైకి. తర్వాత ఎడమ చెయ్యి తెచ్చాడు, అరచెయ్యి బోర్లించి, ఆ తిరుగుతున్న వేలికి పైన, ఒక గొడుగులా, కదలకుండా పట్టుకున్నాడు.

లివరు మీదికి పోతున్న చెయ్యి వెనక్కి తీసేశాను.

దీపానికి అడ్డమా! ఎంత మొద్దు మొహాన్ని నేను! దీపానికి అడ్డం పెట్టుకునే చెయ్యి కళ్ళ మీద ఉండాలి గానీ వేలి మీద ఎందుకుంటుంది? పిట్ట ఎడమ అరచెయ్యి దాని వేలికి సరిగ్గా పైన ఉంది, బోర్లించి, వేళ్ళు దగ్గరగా, బాబాయ్ పట్టుకున్నట్టే, ఇంకా శ్రద్ధగా, పెదవి కొరుక్కుంటూ. ఒక్క సిగ్నల్ తప్పిస్తే తమ్ముణ్ణి బతకనివ్వని పిల్ల ఊరికే చెయ్యి ఎక్కడో పెడుతుందా? గాలి వీచి ఆగాక ఎత్తే మొదటి బరువుకి ఎప్పుడూ చూసే సిగ్నల్ అది, దానికి నేర్పిందీ నేనే, రెండు చేతులూ కలిస్తేనే దాని అర్థం, పైకే, కానీ మెల్లగా. చాలా మెల్లగా. పనిలో ఆ రెండో చెయ్యి చూడకపోతే నా లైసెన్సు చింపి మొహాన కొట్టాలి. ఇంట్లో, ఆరేళ్ళ పిల్ల, భయాన్నీ ఆశనీ రెండిటినీ కలిపి, నాకు వచ్చిన ఒకే ఒక్క భాషలో తప్పు లేకుండా చెబితే, నేను ఒక చెయ్యే చూసి ఊరేగింపు తీశాను. ఆయన చూశాడు. నోటినిండా సూదులతో ఊఁ ఊఁ అని కొట్టుకున్నాడు పాపం. అది వద్దనలేదు, నేననుకున్నట్టు ఒప్పుకోనూ లేదు. వస్తాను, నీతో పైకి వస్తాను, కానీ ఒక్క విసురున కాదమ్మా, అంది. నా పిచ్చితల్లి! వస్తానంది! నా సగంలోకి వస్తానంది! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అదే సమయంలో నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి, ఊరికి ఆ చివర వాన, ఈ చివర ఎండ.

బాబాయ్ రెండు చేతులూ అలాగే పట్టుకుని, ఏమైంది దీనికి అన్నట్టు తల ఎగరేశాడు. బటన్ నొక్కాను. వేలు ఈసారి ఎక్కడా ఆగలేదు.

“మేడమ్, కాదు. గాజు ఇల్లు కాదండీ. రైలు.”

“రైలా? పెద్దవాళ్ళు వెళ్తారండీ ఎక్కువ. బాగా నిదానం అది. పిల్లలకి విసుగొస్తుందేమో.”

“ఆ నిదానమే కావాలండీ. ఆ కొండే కదా ఎక్కుతుంది? మేఘాల మీదికేగా?”

“అక్కడికే. పొద్దున్నే చేరుతుంది. పిల్లల కోసం ప్రత్యేకంగా ఏమైనా చేయించమంటారా? బెలూన్లు, అలాంటివి?”

“చిన్నవాడికి నొక్కడానికి ఒక బటన్ ఉంటే చాలు.”

“మంచం పక్కన ఉంటుందండీ, నొక్కితే మనిషి వస్తాడు.”

“ఆ మనిషికి ముందే నా తరఫున క్షమాపణ చెప్పండి. మేడమ్, కిటికీకి కర్టెన్ ఉంటుందా?”

“మందపాటిది ఉంటుందండీ. తెల్లవారగానే మావాళ్ళు వచ్చి తీసేస్తారు. కళ్ళు తెరవగానే అంతా లోయ, ఒక్కసారిగా! అదే దాని గొప్ప.”

“తీయొద్దని చెప్పండి. ఎవరూ తీయకూడదు, నేను కూడా తీయను. మా పెద్దదే తీస్తుంది. కొంచెం తీసి మూసేసినా పర్లేదు, దారంతా తీయకపోయినా పర్లేదు.”

మేడమ్ లిఫ్టు వాణ్ణి చెయ్యి చూపించి ఆపి, ఊరివైపు ఇంకో అడుగు వేసింది. సరేనండీ, కర్టెన్ ఎవరూ తీయరు, అలాగే చెప్తాను, అంది.

ఇవాళ ఇంటికెళ్ళగానే మొదట పిట్ట ఎదురుగా నిలబడి, వేలెత్తి, దాని మీద రెండో అరచెయ్యి పెట్టి చూపిస్తాను. అది ఏం చేస్తుందో చూడాలి. సాయంత్రం ఎప్పుడవుతుందిరా దేవుడా! కింద బాబాయ్ ఎడమ చెయ్యి ఇంకా ఆ వేలి మీదే ఉంది. లివరు మీద చెయ్యి వేశాను, గొలుసు బిగిసింది, ఇనప కట్ట నేలని వదిలింది, ఆయన ఆ చెయ్యి తీసేదాకా మెల్లగానే ఎత్తాను.